పండిననాడే పండు

ప్రకృతి మనకిచ్చు వస్తువులు రెండు విధములుగా ఉన్నవి. కొన్ని దాచుకొనదగినవి. ధాన్యమును గాదెలో పోసికొన్నచో ఏడాది పొడుగునను తినవచ్చును. చింతపండును, మిరపకాయలను, పప్పులను ఎండబెట్టి ఉంచుకొన్నచో మఱుసటి పంట వచ్చువఱకు నిలుచును. మఱికొన్ని దాచుకొనుటకు వీలు కానివి. అవి తమ వేళకు వచ్చును. వేళ దాటగానే పోవును. అట్టివానిలో మామిడిపండు మొదట ఎన్నదగినది. పండు కొఱకు మనము కాచుకొని యుండవలసినదే గాని, మన కొఱకు పండు కాచుకొని యుండదు.

తెలుగునాట మామిడిచెట్లు పుష్య మాఘ మాసములలో పూతకు వచ్చును. కొమ్మ కొమ్మకును వేలకొలది పూవులు పూయును. వానిలో పిందెలగునవి బహు కొద్ది. మంచునకు మాడినవి, తేనెమంచు పురుగు పీల్చివేసినవి, గాలికి రాలినవి పోగా మిగిలినవే కాయలగును. ఉగాదినాటికి లేతకాయలు పచ్చడిలోనికి వచ్చును. ఎండలు ముదిరిన కొలదిని కాయలలో టెంక గట్టిపడును. అప్పుడు పుల్లని కాయలు ఆవకాయకు పోవును. కృత్తిక కార్తెలో కాయలు పక్వమునకు వచ్చును. రోహిణి కార్తెలో ఏ యింటి గడప తొక్కినను పండ్ల వాసన ఎదురువచ్చును. మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే పండ్లలో పురుగు కనబడ మొదలిడును, రుచియు తగ్గును. ఈ లెక్కను చూడగా, ఒక ప్రాంతమున మంచి పండ్లు దొరకు కాలము రెండు నెలలకు మించదు. ఒక్క చెట్టు పండ్లకైనచో ఆ కాలము రెండు మూడు వారములు. ఒక్క పండునకైనచో రెండు దినములు, లేదా మూడు దినములు.

మామిడిలో అనేక జాతులు కలవు. అన్నియు ఒక్క తీరున నిలువవు. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మీదుగా ప్రసిద్ధికెక్కిన బంగినపల్లి పండు మంచి కండ గలది. అది ముక్కలుగా కోసి తినదగినది. దూరదేశములకు పంపుటకు అనువైనది. 2017వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. చిత్తూరు ప్రాంతమున విరివిగా కాయు తోతాపురి పండ్లనుండి కర్మాగారములలో గుజ్జు తీసి డబ్బాలకెత్తుదురు. విశాఖపట్టణము, విజయనగరము ప్రాంతముల సువర్ణరేఖ ఎఱ్ఱబాఱిన బుగ్గలతో మిక్కిలి ముందుగా అంగడికి వచ్చు పండ్లలో నొకటి.

రసములు మాత్రము వేఱు. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము అను పేరులలోనే వాని స్వభావము తెలియుచున్నది. అవి కోసి తినుటకు గావు, పీల్చి తినుటకు. పండును రెండు అఱచేతుల నడుమ నుంచి మెల్లగా పిసికి, తొడిమకడ చిన్న రంధ్రము చేసి, మొదటి చుక్కను పాఱవేసి, పిమ్మట నోట పెట్టుకొనవలెను. లోపల పీచును, దాని నిండ ద్రవమువంటి గుజ్జును ఉండును. తోలు పలుచన. బాగుగా మాగిన రసము బండి కుదుపులకు ఓర్వజాలదు. కావున దూరమున నున్నవారు రసముల పేరు విని యుందురే గాని వాని నిండురుచిని ఎఱుగుట అరుదు. రసమును తినగోరువాడు చెట్టున్న చోటికి పోవలెను.

అట్టి రసములకు నూజివీడు పేరు పొందినది. మునుపు కృష్ణాజిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టును మామిడితోటలు వ్యాపించి యున్నవి. ఆ ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక వృద్ధురాలు కలదు. ఊరి పిల్లలందఱును ఆమెను నాయనమ్మ యనియే పిలుతురు. భర్త గతించి చాలకాలమైనది. ఆమెకు ఒక్కడే కుమారుడు. అతడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, భార్యతోను కుమార్తెతోను అచ్చటనే నివసించుచున్నాడు.

ఆమె యింటి పెరటిలో ఒక చిన్నరసపు చెట్టు ఉన్నది. కుమారుడు పుట్టిన యేట భర్త నూజివీటినుండి అంటు తెచ్చి దానిని నాటెను. కుమారుడును, చెట్టును ఒక్క ఈడువారు. మామిడిచెట్లు తఱచుగా ఒక యేడు విరగకాచి, మఱుసటి యేడు అలసట తీర్చుకొనును. ఆ చెట్టును అట్టిదే. కావున దాని కాపు ఆ యింటికి ఏటేట వచ్చు పండుగ కాదు. ఏడు విడిచి ఏడు వచ్చు పండుగ.

ఒక సంవత్సరము ఆ చెట్టు విశేషముగా కాచినది. కొమ్మలు నేలకు వంగినవి. రోహిణి కార్తె ప్రవేశించిన నాలుగవనాడు ఆమె కాయలు దింపించెను. పొరుగింటి బాలుడొకడు ఆ పనికి సాయము వచ్చెను. వాడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వేసవి సెలవులలో నుండెను. పొడవైన గడకు చివర వల సంచి కట్టిన చిక్కముతో వాడు ఒక్కొక్క కాయను పట్టి దింపుచుండగా, ఆమె క్రింద నిలిచి అందుకొనుచుండెను.

కాయను దింపుట చూచువారికి తేలిక పని. కాని దానిలో మెలకువలున్నవి. కాయ నేలబడరాదు. నేలబడిన కాయ పైకి బాగుగనే కనబడినను, దెబ్బ తగిలిన చోట లోపల కుళ్లును. తొడిమను కొంత ఉంచియే కోయవలెను. తొడిమ మొదలంట ఊడినచో సొన చిమ్మి తోలుపై పడును. సొన పడినంత మేర తోలు మాడి నల్లబడును. అందుచేత ఆమె ప్రతి కాయయొక్క తొడిమను చిన్న కత్తితో కోసి, సొన కారిపోవునట్లు తలక్రిందుగా నిలిపి, ఆ పిదప తడిగుడ్డతో తుడిచి బుట్టలో నుంచెను. రెండువందలకు పైగా కాయలు దిగెను.

తరువాత మాగవేయుట. లోపలిగదిలో నేలపై వరిగడ్డి పఱచి, దానిపై కాయలను ఒకదానికొకటి ఒత్తుకొనకుండ పేర్చి, పైన మరల గడ్డి కప్పిరి. కాయ చెట్టునుండి వేఱైన పిదపను జీవించియే యుండును. ఊపిరి తీయుచునే యుండును. పక్వమునకు వచ్చిన కాయలో ఎథిలీను అను వాయువు తనంతట తానే పుట్టును. ఆ వాయువే కాయను పండుగా మార్చును. కాయలోని పిండి చక్కెరయగును, పులుపు తగ్గును, పచ్చరంగు పోయి పసుపురంగు తేలును, గట్టిగా నున్న కండ మెత్తబడును. గడ్డి ఆ వెచ్చదనమును, ఆ వాయువును కాయల చెంతనే నిలుపును. ఒక పండు మాగినచో దాని ప్రక్కనున్న కాయలు కూడ త్వరపడుట ఇందుచేతనే. ఈ శాస్త్రవిషయము ఆమె ఎఱుగదు. కాని గడ్డిలో చేయి పెట్టి వెచ్చదనము చూచి, వాసన పీల్చి, ఏ వరుస ఏనాటికి పండునో ఆమె చెప్పగలదు.

ఆ రాత్రి ఆమె కుమారునకు ఫోను చేసెను.

“నాయనా! కాయలు దింపించితిని. వారము దినములలో పండును. ఎప్పుడు వచ్చెదవు?”

“వచ్చు ఆదివారము తప్పక వచ్చెదము అమ్మా! నీ మనుమరాలు కూడ రసముల కొఱకే ఎదురుచూచుచున్నది” అని అతడు చెప్పెను.

ఆమె పొంగిపోయెను. మఱునాడే గడ్డి తొలగించి కాయలన్నిటిని పరీక్షించి, మచ్చ లేనివి, నిండుగా బలిసినవి నలువది ఏఱి వేఱొక బుట్టలో పెట్టెను. “ఇవి అబ్బాయివి. వీనిమీద ఎవ్వరును చేయి వేయరాదు” అనెను. మిగిలినవానిలో సగము వర్తకునకు అమ్మెను. సగము బంధువులకు పంపెను. దెబ్బ తగిలినవానిని కాయలు దింపిన బాలునికిని, ఇరుగు పొరుగు పిల్లలకును ఇచ్చెను. తాను ఒక్కటియు తినలేదు. బిడ్డ రాకముందు తాను నోట పెట్టుట ఆమెకు సరిపడలేదు.

ఆదివారము వచ్చెను. కుమారుడు రాలేదు. కార్యాలయములో పని తెమలలేదని, మఱుసటి ఆదివారము వత్తునని కబురు చేసెను. అప్పటికే బుట్టలోని పండ్లు పసుపు తేలి కమ్మని వాసన కొట్టుచుండెను. బాలుడు ద్వారముకడ నిలిచి, “నాయనమ్మా! వాసన చూడగా అవి నేటికే పండినవి. రేపు తినకపోయినచో చెడిపోవును గదా!” అనెను.

“నీకేల ఆ చింత? అబ్బాయి వచ్చును” అని ఆమె వానిని పంపివేసెను. కాని ఆమెకును లోలోపల భయము కలుగకపోలేదు. ఇంకను పచ్చిగా నున్న పది కాయలను తీసి ఫ్రిజ్జులో పెట్టెను. చలిలో నుంచినచో అన్నియు నిలుచునని ఆమె తలంపు. ఇతర వస్తువులకు అది నిజమే. కాని పచ్చి మామిడికాయ పది డిగ్రీలకు లోబడిన చలికి ఓర్వజాలదు. దాని తోలుపై మచ్చలు పడును. తరువాత బయట పెట్టినను అది సరిగా మాగదు. ఆ పది కాయలకును అదియే గతి పట్టెను.

రెండవ ఆదివారమును గడచెను. మనుమరాలికి జ్వరము తగిలినదట. ఇంతలో మృగశిర ప్రవేశించెను. ఒకనాటి సాయంకాలము తొలకరివాన కురిసెను. గదిలో చెమ్మ చేరెను. మామిడిని పట్టి పీడించు బూజు ఒకటి కలదు. అది పూతనాడో పిందెనాడో లోపల ప్రవేశించి, కాయ పచ్చిగా నున్నంతకాలము నిద్రించియుండి, పండు మెత్తబడగానే మేల్కొనును. మొదట నల్లని చుక్కలు కనబడును. పిదప చుక్కలు కలిసి మచ్చలగును. మఱికొన్ని పండ్లు తొడిమకడనుండి కుళ్లుచు వచ్చును. ఒకటి కుళ్లి కారగా ఆ రసము ప్రక్కవానిమీద పడి అవియు చెడును. ఆమె ప్రతి ఉదయమును బుట్ట తెఱచి, చెడిన రెండు మూడింటిని ఏఱి పాఱవేయుచు, మిగిలినవానిని తుడిచి మరల పేర్చుచుండెను. చెడిపోయిన పండును పాఱవేసినదే గాని, బాగున్న పండును తీసి ఒకరికి ఇయ్యలేదు, తాను తినలేదు.

మూడవ వారమున కుమారుడు వచ్చెను. ఒంటరిగా వచ్చెను. తల్లి అతనిని చూచిన సంతోషముతో గబగబ లోనికి పోయి బుట్ట తెచ్చి ముందు పెట్టెను. పైన నాలుగు పండ్లు చూచుటకు చక్కగనే యుండెను. ఒకటి కోయగా లోపల గోధుమవర్ణపు కండ, పులిసిన వాసన. రెండవదానిలో తెల్లని పురుగులు. మూడవది చేతిలోనే చితికిపోయెను. నాలుగవదానిని ఆమె కోయలేదు.

కుమారుడు తల్లి ముఖమును చూచి, ఆమెను ఓదార్పగోరి, “పోనిమ్ము అమ్మా! నీవైనను తింటివి గదా! ఈ కాపు రుచి ఎట్లున్నది?” అని అడిగెను.

“నాకేమి తెలియును నాయనా? నీవు రాకుండ నేనెట్లు తిందును?” అని ఆమె బదులు చెప్పెను.

ఆ మాటకు అతనికి నోట మాట రాలేదు. బుట్టను తానే యెత్తుకొనిపోయి చెట్టు మొదట గొయ్యి త్రవ్వి పాతిపెట్టెను. రాత్రి తల్లి అన్నము వడ్డించి, క్రొత్త ఆవకాయ వేసెను. అది చక్కగా ఊరియుండెను. అదే వేసవిలో, ఆ చేతులతోనే పెట్టిన ఆవకాయ చెడలేదు, పండు చెడినది. ఉప్పు, కారము, నూనె చేరి కాయను ఏడాది నిలుపగలవు. పండును ఒక్కవారము నిలుపగలది ఆ యింట ఏదియు లేకపోయెను. అతడు తలవంచుకొని భోజనము చేసెను. చెట్టు మరల నిండుగా కాయుటకు రెండేండ్లు పట్టునని అతనికి తెలియును. తల్లికి డెబ్బదియేండ్లు దాటినవనియు తెలియును.

మనుష్యుడు కాలమును జయించుటకు అనేక ఉపాయములు పన్నినాడు. వానిలో కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. కాయ పండువఱకు ఓపిక లేనివారు కాల్షియం కార్బైడు అను పదార్థమును వాడి, రెండు దినములలో కాయకు పండురంగు తెప్పించిరి. ఆ రంగు తోలుకే గాని లోపలి తీపికి చెందినది కాదు. పైగా దానిలో ఆర్సెనిక్కు వంటి విషపదార్థములు స్వల్పముగా కలసియుండును. కావున పండ్లకు దానిని వాడుటను ప్రభుత్వము నిషేధించినది. దానికి బదులుగా ఎథిలీను వాయువును మితముగా వాడుటకు 2016వ సంవత్సరమున భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతి నిచ్చినది. ఇది కాయ తనలో తాను పుట్టించుకొను వాయువే గనుక అంతగా భయపడవలసినది కాదు.

పండును నిలువ చేయుటకు మన పూర్వులు కనిపెట్టిన ఉపాయము తాండ్ర. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురము మామిడితాండ్రకు పేరు పొందినది. పండ్ల రసము తీసి, తీపి కలిపి, ఎండలో చాపలపై పలుచగా పూసి ఆరబెట్టుదురు. అది ఆఱిన పిదప దానిపై మఱొక పొర పూయుదురు. ఇట్లు దినదినము పొరమీద పొర చేరి తాండ్ర మందమగును. అది నెలల తరబడి నిలుచును. మిగిలిపోవు పండును వ్యర్థము కానీయక కాపాడిన గృహిణుల నేర్పు దానిలో నున్నది.

అయినను ఒక మాట చెప్పుకొనవలెను. తాండ్రలో తీపి నిలుచును. వాసన కొంత నిలుచును. చెట్టుక్రింద కూర్చుండి పండు పిసికి పీల్చునప్పటి ఆనందము మాత్రము నిలువదు. అది ఆ దినమునకే చెందినది. పండును దాచవచ్చును గాని పండినవేళను దాచజాలము. పొదుపు వేఱు, పట్టుకొని కూర్చుండుట వేఱు. మిగులుదానిని చెడక మునుపే మఱొక రూపమున నిలుపుట పొదుపు. తినవలసినదానిని తినక, ఇయ్యవలసినదానిని ఇయ్యక, చెడువఱకు కాచుకొనుట పొదుపు కాదు. ఆ తల్లి లోభి కాదు. ప్రేమచేతనే దాచినది. కాని ప్రేమతో దాచినంత మాత్రమున పండు కుళ్లక మానదు.

మఱుసటి సంవత్సరము చెట్టు కాయలేదు. చిటారుకొమ్మన నాలుగు కాయలు మాత్రము కనబడెను. అవియు ఉడుతల పాలయ్యెను. అయినను రోహిణి కార్తెలో కుమారుడు భార్యాబిడ్డలతో వచ్చి మూడు దినములుండి పోయెను. నూజివీడు అంగడినుండి పండ్లు కొని తెచ్చి తినిరి. “పెరటిలో పండ్లు లేవు గదా, ఇప్పుడేల వచ్చితివి?” అని తల్లి నవ్వుచు అడుగగా, “కాయని యేట కూడ వచ్చుట అలవాటైనచో, కాచిన యేట మఱచిపోను” అని అతడనెను.

ఆపై సంవత్సరము చెట్టు మరల విరగకాచెను. మునుపటి బాలుడే మరల చిక్కము పట్టెను. ఇప్పుడు వాడు పదవ తరగతి పరీక్షలు వ్రాసి, ఫలితములు కూడ చూచుకొని యుండెను; పొడవును పెరిగియుండెను. ఈసారి ఆమె కాయలన్నిటిని ఒక్కనాడే దింపింపలేదు. నాలుగు దినముల కొకసారి కొన్ని కొన్నిగా దింపించెను. చెట్టుమీద నున్న కాయకు తొందర లేదు గదా! మాగవేసిన పండ్లను ప్రతి ఉదయమును మూడు వరుసలుగా ఏర్పఱచెను: నేటివి, రేపటివి, ఎల్లుండివి. తొడిమకడ మెల్లగా నొక్కి చూచును, వాసన చూచును, వరుసలో పెట్టును. నేటి వరుసలోని పండ్లు సూర్యుడు గ్రుంకునప్పటికి ఇంటిలో మిగులరాదని నియమము చేసికొనెను.

కుమారునకు ఫోను చేసి ఆమె చెప్పిన మాటలు కొద్ది. “నాయనా! మొదటి పండ్లు శుక్రవారమునకు పండును. అవి ఆదివారము వఱకు ఆగవు. నీవు వచ్చిననాటికి ఏవి పండునో అవి నీవి.”

అతడు సెలవు పెట్టెను. అయినను శుక్రవారమునకు రాలేకపోయెను. ఆనాటి ఉదయము ఆమె గడ్డి తొలగించి చూచెను. పదునాఱు పండ్లు నేటి వరుసలో చేరినవి. ఒక్క నిముసము ఆమె చేయి ఆగెను. అన్నిటికంటె చక్కని పండును ఎత్తి, రేపటి వరుసవైపు చూచెను. పిమ్మట దానిని నేటి వరుసలోనే ఉంచెను. బాలుని పిలిచి, నూతి చప్టాపై కూర్చుండబెట్టి, నీళ్ల తొట్టిలో వేసి చల్లబఱచిన పండ్లను వాని ముందుంచెను. ఆ చక్కని పండు వాని చేతికే ఇచ్చెను. ఇరుగు పొరుగు పిల్లలు వచ్చిరి. మోచేతులవఱకు రసము కారుచుండగా అందఱును జుఱ్ఱుకొనిరి. అందఱి నడుమ కూర్చుండి ఆమెయు ఒక పండు తినెను. భర్త పోయిన పిదప, కుమారుడు లేకుండ ఆ చెట్టు తొలిపండును ఆమె రుచి చూచుట అదే మొదలు.

మఱునాడు తెల్లవాఱుజామున కుమారుడు కుటుంబముతో వచ్చి బస్సు దిగెను. కాళ్లు కడుగుకొనుచునే, “అమ్మా! ఈ కాపు రుచి ఎట్లున్నది?” అని అడిగెను.

ఆమె తడుముకొనలేదు. “పోయిన కాపునకు మునుపటి కాపుకంటె తీపి యెక్కువ. పీచు కొంచెము తక్కువ. ఫాల్గునములో మంచు పడలేదు. అందుచే కాయ బాగుగా ఊరినది. నిన్నటి పండ్లు మిక్కిలి బాగున్నవి. నేటివి ఇంకను బాగుండును. రమ్ము” అనెను.

అతడు తల్లి ముఖమును చూచెను. రెండేండ్ల క్రిందట అడిగిన ప్రశ్నయే అది. అప్పుడు రాని బదులు ఇప్పుడు వచ్చినది. ఆమె తాను తినకుండ ఉండలేదని తెలిసి, తనకు దొరకని నిన్నటి పండ్లనుగూర్చి అతడు ఏమాత్రము చింతింపలేదు.

మనుమరాలు నగరములో ముక్కలుగా కోసిన పండునే ఎఱుగును. ముళ్లచెంచాతో గ్రుచ్చి తినుట ఆమెకు అలవాటు. రసమును ఎట్లు తినవలెనో తెలియక చేతబట్టుకొని చూచుచుండెను. పొరుగింటి బాలుడు తాను ఒక పండు తీసికొని, పిసుకుట, తొడిమ తీయుట, మొదటి చుక్క పాఱవేయుట చూపెను. ఆమె మొదటిసారి పీల్చునప్పటికి రసము చిమ్మి బట్టలమీద పడెను. తల్లి కోపపడబోగా నాయనమ్మ వారించి, “బట్ట ఉతుకుకొనవచ్చును, పండు మరల రాదు” అనెను.

సోమవారము ప్రయాణము. కుమారుడు ఒక బుట్టెడు పండ్లు తీసికొనిపోగోరెను. ఆమె మాత్రము డజను కాయలే ఇచ్చెను. అవి దోరగా నుండెను. “ఇవి బుధవారమునకు పండును. ఆనాడు మీరు నలుగురికి పెట్టి తినుడు. గురువారమునకు ఉంచకుడు” అని చెప్పెను. ఆ తరువాత పండిన పండ్లలో ఆనాటికానాడు తినుటకు, పంచుటకు మిగిలిపోవువానిని తానే రసము తీసి, చాపమీద పోసి తాండ్ర చేసెను. ఆ సంవత్సరము ఆ యింటిలో ఒక్క పండును చెట్టు మొదట పాతిపెట్టవలసిన అవసరము కలుగలేదు.

లోకములో మామిడిపండువంటివి మఱికొన్ని కలవు. పెద్దల చెంత గడపదగిన దినములు, నేర్చుకొనదగిన బాల్యము, చెప్పదగిన మంచిమాట మొదలైనవి ఎవరికొఱకును ఆగవు. సమయము చిక్కినప్పుడు చూతమని వానిని వాయిదా వేయువారు, వచ్చి బుట్ట తెఱచునప్పటికి ఏమి మిగులునో ఆలోచింపవలెను. రేపటికి దాచవలసినదానిని దాచుట వివేకమే. నేటికి చెందినదానిని నేడు కృతజ్ఞతతో అనుభవించుటయు, దగ్గఱ నున్నవారితో పంచుకొనుటయు అంతకు తక్కువైన వివేకము కాదు. ఈ రెండింటి భేదమును ఆ వృద్ధురాలు ప్రతి ఉదయమును గడ్డిపై మూడు వరుసలు పేర్చుచు నేర్చుకొనెను.